కంచె వేస్తే చెట్టు మిగిలింది, జాతి సంగతేమిటి?

మారిషస్‌కు తూర్పున దాదాపు ఆరువందల కిలోమీటర్ల దూరంలో, నడి సముద్రంలో రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం 108 చదరపు కిలోమీటర్లు. కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్ళిన కూలీల వారసులు నేటికీ ఉగాది చేసుకునే మారిషస్ దేశంలో అదొక భాగం. 1980 ప్రాంతంలో అక్కడ ఒక బడిపంతులు పిల్లలకు పాతకాలపు మొక్క బొమ్మ చూపించి, ఇలాంటిది కనిపిస్తే చెప్పమన్నారు. ఒక కుర్రాడు రోడ్డు పక్క నుంచి రెమ్మ తెంపుకొచ్చాడు. అది కఫే మారోన్. దశాబ్దాల క్రితమే అంతరించిందని అందరూ వదిలేసుకున్న చెట్టు. కాఫీ కుటుంబానికి చెందినది, ప్రపంచంలో మరెక్కడా లేనిది. దీవిలో ఆ ఒక్కటే మిగిలింది.

'మారోన్' అంటే అక్కడి క్రియోల్ భాషలో అడవిపాలైనది అని అర్థం. తప్పించుకుని అడవి పట్టిన బానిసలనూ ఆ మాటతోనే పిలిచేవారు. ఈ చెట్టుకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

దాని ఆకుల్లో దీవి చరిత్ర కనిపిస్తుంది. మొక్కగా ఉన్నప్పుడు ఆకులు సన్నగా, పొడుగ్గా, ఎండిన పుల్లల్లా గోధుమ రంగులో ఉంటాయి. కాస్త ఎత్తు పెరిగాక వెడల్పైన పచ్చని ఆకులు వేస్తుంది. రెండూ ఒకే చెట్టువంటే నమ్మబుద్ధి కాదు. నేల మీద తిరిగే పెద్ద తాబేళ్ళ కంట పడకుండా లేత వయసులో ఇలా దాక్కుంటుందని శాస్త్రవేత్తలు భావిస్తారు. 1691లో రోడ్రిగ్స్‌కు చేరిన ఫ్రెంచి యాత్రికుడు ఫ్రాన్స్వా లెగా, ఆ తాబేళ్ళ వీపుల మీద కాలు మోపుకుంటూ వంద అడుగులకు పైగా నడవొచ్చని రాశాడు. తర్వాతి వందేళ్ళలో వాటిని మాంసం కోసం ఓడల్లోకి ఎత్తి పూర్తిగా తుడిచిపెట్టారు. అడవిని నరికారు, కాల్చారు. మేకలు, పశువులు వచ్చిపడ్డాయి. తాబేలు పోయి రెండువందల ఏళ్ళయినా ఆ మొక్క ఇంకా తాబేలుకు భయపడే ఆకులే వేస్తోంది. మేక నుంచి తప్పించుకునే ఉపాయం మాత్రం దాని దగ్గర లేదు.

చెట్టు దొరికిన వార్త పొక్కగానే కొత్త ముప్పు వచ్చింది. తాగిన మైకం దిగడానికి, సుఖరోగాలకు అది మందని జనంలో నమ్మకం. కొమ్మలు విరిచారు, బెరడు చెక్కారు. చుట్టూ కంచె వేశారు. దాన్నీ దాటి వస్తుంటే ఇంకో కంచె వేశారు. ఆ జనాన్ని తిట్టడం నాకు న్యాయంగా తోచదు. ఆకు కోసం, వేరు కోసం చెట్టు దగ్గరికి వెళ్ళడం వాళ్ళకు తరాల అలవాటు. అడవి నిండా చెట్లున్నప్పుడు ఆ అలవాటు వల్ల ఏ నష్టమూ లేదు. ఒక్క చెట్టు మిగిలాక ఒక్క కత్తి చాలు.

1986లో కొన్ని కొమ్మ ముక్కలను విమానంలో లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనానికి పంపారు. ఒకటి వేరు పట్టింది. దాని నుంచి మరిన్ని మొక్కలు తయారయ్యాయి. తెల్లని పూలు ఏడాది పొడుగునా విరగబూశాయి, కాయ మాత్రం కట్టలేదు. పుప్పొడి కీలంలోకి, అంటే పువ్వు మధ్యలో అండాశయానికి దారితీసే కాడలోకి, దిగేది కాదు. పైగా అన్నీ ఒకే చెట్టు ముక్కలు. కుండీలు వంద ఉన్నా అక్కడున్నది ఒక్క ప్రాణి. సంఖ్య చూసి సంబరపడే వాళ్ళు ఈ విషయాన్ని దాటేస్తారు.

క్యూలో పనిచేసే కార్లోస్ మగ్దలేనా ఈ చిక్కును వదల్లేదు. పువ్వు కీలాన్ని కోసి, కోసిన చోట పుప్పొడి అద్ది, వేడి పెంచి, పువ్వు తర్వాత పువ్వు మీద ప్రయత్నించాడు. 2003లో కాయ నిలిచింది. విత్తనాలు మొలిచాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో విత్తనాలూ మొక్కలూ రోడ్రిగ్స్‌కు తిరిగి చేరాయి. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లికి అచ్చు నకలు కాదు. ఎంత కొద్దిగానైనా తేడా ఉంటుంది. తెగులును, కరువును తట్టుకునే అవకాశం ఆ తేడాలోనే ఉంది.

ఒక్క చెట్టు కోసం ఇంత ఖర్చూ శ్రమా అవసరమా అని అడిగేవారున్నారు. వాళ్ళు రోడ్రిగ్స్ గబ్బిలాన్ని చూడాలి. 1970లలో వందకు లోపే మిగిలిన ఆ పండ్ల గబ్బిలాలు, చెట్లు తిరిగి పెరిగి, రక్షణ దొరికాక వేలకు చేరాయి. గ్రాండ్ మోంటాన్, ఆన్స్ కిటోర్ రక్షిత ప్రాంతాల్లో పరాయి మొక్కలు పీకి, దీవి సొంత చెట్లు నాటే పని ఏళ్ళుగా సాగుతోంది. కఫే మారోన్ చోటు అలాంటి అడవిలోనే. దానితో పాటు ఊళ్ళో ఇంటింటి పెరట్లోనూ ఉండాలని నా వాదన. మందుకని ఆకు కోసుకునేవాడికి తన పెరటి చెట్టే ఉంటే, అడవిలో కాపలా భారం చాలావరకు తగ్గుతుంది. అరుదుగా ఉన్నంతకాలమే అది దొంగకు సరుకు. అందుకే నర్సరీలో ఎన్ని కుండీలున్నాయన్న లెక్క నాకు ముఖ్యం కాదు. కంచె లేని చోట, ఎవరూ నాటకుండా, తల్లి చెట్టు కింద ఆ పుల్లల్లాంటి గోధుమ ఆకులతో ఎన్ని మొలకలు లేచాయో ఏటా లెక్కపెట్టి చెప్పాలి.