చీరలు మీవే, గంటలు మావి

"చీరలు మావే కదా ఆంటీ, ఉత్త కుట్టుకే ఇంతా?" హైదరాబాద్‌లో చేత్తో బొంతలు కుట్టించి ఇచ్చే ఎవరినైనా అడగండి, ఈ మాట వినని వాళ్ళుండరు. మా అంబర్‌పేటలో డిసెంబర్ వచ్చిందంటే ఇది రోజూ వినాల్సిందే, ఎందుకంటే అమెరికా నుంచి మీరంతా సెలవులకు దిగేది అప్పుడే, అమ్మ బీరువా తెరిచేది అప్పుడే, అందులోంచి మెత్తబడిన నూలు చీరలు నాలుగు తీసి "వీటితో గుర్తుగా ఏదైనా చేయించుకుందాం" అనుకునేదీ అప్పుడే. ఆలోచన మంచిదే, నాకు చాలా ఇష్టం కూడా. గొడవంతా రేటు చెప్పిన తర్వాత.

నేను, నాతో పాటు మా వీధి చుట్టుపక్కల కుట్టే ఆడవాళ్ళు నలుగురైదుగురు, ఈ పని చేస్తుంటాం. ఇది దానమూ కాదు, సంఘసేవా కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చాలామంది మా దగ్గరికి వచ్చేటప్పుడు "పాపం ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు" అన్న మొహంతో వస్తారు, ఆ నాలుగు డబ్బులు ఎన్నో తామే నిర్ణయిస్తారు.

పాత చీరలు ఇచ్చాం కాబట్టి సరుకు ఖర్చు లేదు, కాబట్టి రేటు తగ్గాలి. ఇదీ మీ లెక్క. కుట్టేవాళ్ళ లెక్క సరిగ్గా దీనికి ఎదురు. కొత్త బట్ట అయితే కొలిచి కత్తిరించి పరిచేయొచ్చు. ముప్ఫై ఏళ్ళు కట్టిన చీరను ముందు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడాలి. కుచ్చిళ్ళు పడే చోట, మడమ తగిలే అంచు దగ్గర, పిన్ను పెట్టిన భుజం దగ్గర నేత ఎక్కడెక్కడ పలచబడిందో వెతికి, ఆ ముక్క తీసెయ్యాలి, లేదంటే వెనక అతుకు వేయాలి. ఫాల్ విప్పాలి. ఎరుపు చీరో నీలం చీరో ఉంటే తడిపి రంగు దిగుతుందేమో చూడాలి, చూడకపోతే మొదటి ఉతుకులోనే పక్కనున్న తెల్ల చీర గులాబీ రంగులోకి పోతుంది, అప్పుడు మళ్ళీ మాటలు పడేది మేమే. పట్టు చీర అయితే మరీ కష్టం. మడతల వెంట చీలి ఉంటుంది, వెనక పలచని మల్లు గుడ్డ వేయకుండా సూది పెట్టామంటే పర్రున చిరుగుతుంది. జరీ అంచుల దగ్గర సూది కదలదు, దారం తెగుతుంది. ఇంత చేసినా ఒక భయం ఉంటుంది. కత్తెర తప్పుగా పడితే ఆ చీర మళ్ళీ ఏ కొట్లోనూ దొరకదు, అది కట్టిన అమ్మమ్మో నానమ్మో ఇప్పుడు లేకపోతే, ఆవిడ గుర్తుగా మిగిలిన చీర అదొక్కటే కావచ్చు. ఆ టెన్షన్‌కు మేం రేటు వేయడం లేదు, వేయాలంటే వేయొచ్చు.

ఇక కుట్టు. ఒక మనిషి కప్పుకునే బొంత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడుగు అనుకోండి. అరంగుళానికో వరస వేస్తే 120 వరసలు. ఒక్కో వరస 90 అంగుళాలు. మొత్తం 10,800 అంగుళాలు, అంటే సరిగ్గా 300 గజాల కుట్టు. నాలుగైదు పొరల గుడ్డలోంచి, అంగుళానికి నాలుగు కుట్ల చొప్పున, 43 వేల పైచిలుకు సార్లు సూది దిగి పైకి రావాలి. చెయ్యి తిరిగిన మనిషి గంటకు ఆరేడు గజాలు కుడుతుంది, అదీ మెడ ఎత్తకుండా కూర్చుంటే. అంటే 45 గంటలు ఉత్త కుట్టుకే. విప్పడం, ఉతకడం, ఇస్త్రీ, పొరలు పరిచి ముడతలు లేకుండా టాకాలు వేయడం, చివర్లో అంచు తిప్పడం, ఇదంతా ఇంకో పది గంటలు. మొత్తం 55.

గంటకు వంద రూపాయలు వేశాను. ఎక్కువా? మీరే చెప్పండి. 5,500 అయింది. దారం, అడుగున వేసే కొత్త నూలు గుడ్డ, అంచు పట్టీ, అన్నీ కలిపి ఓ ఏడు వందలు. కరెంటు, ఫోను, ఆటో, అప్పుడప్పుడు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చే వరసలు, వీటికి ఇంకో ఎనిమిది వందలు. ఏడు వేలు. మీ లెక్కలో 80 డాలర్లలోపే. ఇందులో బేరానికని ముందే కలిపి పెట్టిన రూపాయి ఒక్కటి లేదు.

ఆ బొంతను రెండు వేలకు అడిగినవాళ్ళున్నారు. సరే, రెండు వేలకే ఇచ్చామనుకుందాం. దారం, గుడ్డ తీసేస్తే 1,300 మిగిలింది. 55 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు ఏడు రోజులు. రోజుకు 185 రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. అంటే మట్టి తవ్వినా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. "వాళ్ళు ఇంట్లో ఖాళీగానే ఉంటారు కదా" అని ఒకావిడ నాతో అన్నారు. ఖాళీగా ఎవరున్నారండీ? పొద్దున నల్లా నీళ్ళు పట్టి, వంట చేసి, పిల్లల్ని స్కూలుకు పంపి, పదకొండింటికి సూది పట్టుకుని కూర్చునే మనిషి ఖాళీగా ఉన్నట్టా?

ఒక్క విషయం మాత్రం నాకు నవ్వొస్తుంది. ఇదే సిటీలో పెళ్ళి జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించుకుంటే ఎనిమిది వేలన్నా పదిహేను వేలన్నా ఎవరూ కిక్కురుమనరు. అదీ చేత్తో చేసే పనే, అదీ సూదితోనే, కాకపోతే అది పూసలతో మెరుస్తుంది, ఫోటోలో పడుతుంది, రెండుసార్లు వేసుకుని బీరువాలో పెడతారు. బొంత మెరవదు. పైగా మన ఇళ్ళల్లో బొంతకు ఎప్పుడూ ఎవరూ డబ్బులివ్వలేదు. అమ్మమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ దగ్గర కూర్చుని కుట్టేది, పుట్టబోయే మనవడి కోసం చిన్నది, చలికాలానికి పెద్దది. డబ్బు మాట లేదు కాబట్టి దానికి ధర లేదనుకున్నాం. ఆవిడ మధ్యాహ్నాలు ఆవిడవి, ఇష్టమై ఇచ్చింది. ఇక్కడ కుట్టే ఈవిడ మీకు అమ్మమ్మ కాదు, వచ్చే నెల అద్దె కట్టాలి.

బేరం ఆడకండి అని నేనెక్కడా అనను. నేనూ కోఠి సుల్తాన్ బజార్‌లో గీసి గీసి బేరమాడేదాన్నే, నాంపల్లి నుమాయిష్‌లో అయితే సగానికి అడిగి మొదలుపెడతాను, ఆ అమ్మేవాడూ అందుకు సిద్ధపడే రేటు చెప్తాడు, ఇద్దరికీ అదో సరదా. అక్కడ తగ్గేది సరుకు మీద వేసిన లాభం. కుట్టే మనిషి దగ్గర లాభం ఎక్కడుంది తగ్గడానికి? తగ్గేది కూలి. ఈ తేడా తెలిసి కూడా బేరమాడితే అది వేరే సంగతి.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షంగా ఉంటుంది. అమెరికా నుంచి వచ్చారని తెలియగానే రేటు రెండింతలు చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. అది తప్పే. రేటు పని మీద ఉండాలి గానీ పాస్‌పోర్టు మీద కాదు, మా దగ్గర రామంతపూర్ వాళ్ళకీ డాలస్ వాళ్ళకీ ఒకటే రేటు కాగితం. అలాగే కుట్టు వంకర పోయినా, దారం ముడులు పైకి కనిపించినా, చెప్పిన తేదీకి ఇవ్వకపోయినా డబ్బు తగ్గించమనడం మీ హక్కు. మేం తగ్గించాలి కూడా. బాగా లేని పనికి "చేత్తో చేసింది కదా" అన్న వంక పనికిరాదు.

ఇక మాతోటి కుట్టేవాళ్ళకు, కుట్టించేవాళ్ళకు నేను చెప్పేదొకటే, దీని మీద మా వాళ్ళతోనే చాలా వాదనలయ్యాయి: రేటు తగ్గించొద్దు, పని తగ్గించండి. నిజంగానే ఏడు వేలు పెట్టలేని వాళ్ళుంటారు, అందరికీ అక్కడ డబ్బులు చెట్లకు కాయవు, కొత్తగా వెళ్ళిన పిల్లలు, చదువుకునే పిల్లలు అప్పుల్లో ఉంటారు. అలాంటప్పుడు "సరేలెండి, మీకోసం నాలుగున్నర వేలు" అన్నామంటే మొదట చెప్పిన ఏడు వేలు అబద్ధం అయిపోతుంది, ఆ మాట చీరలు తెచ్చినావిడ చెల్లెలికి, చెల్లెలి స్నేహితురాలికి, అందరికీ చేరుతుంది. అలా కాకుండా వరసల మధ్య అరంగుళం బదులు అంగుళం వదలండి. 60 వరసలు, 150 గజాలు, దాదాపు 23 గంటలు మిగులుతాయి, రేటు దానంతటదే నాలుగున్నర వేల చుట్టుపక్కలకు వస్తుంది. బొంత కొంచెం వదులుగా ఉంటుంది, అంతే, వెచ్చదనానికేం లోటు లేదు. ఇంకా తక్కువలో కావాలంటే ఒళ్ళో కప్పుకునేంత చిన్నది. ఇంకా తక్కువంటే దిండు గలీబు. గంట కూలి మాత్రం అదే. ఇలా కాగితం మీద గజాలు, గంటలు రాసి చేతిలో పెట్టడం మొదలుపెట్టాక బేరాలు ఆగలేదు గానీ బేరం తీరు మారింది. "ఎంత తగ్గిస్తారు" పోయి "ఏం తగ్గిస్తే ఎంతవుతుంది" వచ్చింది. అలా అడిగితే జవాబు చెప్పగలం.

గజాల లెక్క మా సొంత తెలివి అనుకునేరు. అమెరికాలోనే చేత్తో క్విల్టులు, అంటే అక్కడి బొంతలు, కుట్టేవాళ్ళలో కొందరు వాడిన దారం గజాల లెక్కన కూలి తీసుకుంటారు. పెన్సిల్వేనియా లాంకాస్టర్ వైపు, పాతకాలం పద్ధతుల్లోనే బతికే ఆమిష్ వాళ్ళ దుకాణాలకు మీలో చాలామంది వారాంతాల్లో వెళ్ళే ఉంటారు, చేత్తో కుట్టిన పెద్ద క్విల్టు వెయ్యి డాలర్లు దాటి ఉంటే ట్యాగు చూసి ముట్టుకుని పక్కకు జరిగి ఉంటారే గానీ, నూటయాభైకి ఇస్తారా అని అడిగి ఉండరు. అలబామాలో గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాల ముక్కలతో చలికి తాళలేక కుట్టుకున్న క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడకెక్కాయి, 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. అవీ పాత గుడ్డలే. అక్కడ టికెట్టు కొనుక్కుని చూసి వచ్చిన మనిషి ఇక్కడ అంబర్‌పేటలో "పాత చీరలే కదా" అనడం నాకు మింగుడు పడదు.

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు వస్తోంది కదా అంటారు. వస్తుంది. పదుల సూదులున్న మెషీన్ కింద బట్ట తాను తానుగా వెళ్ళిపోతుంది, దుప్పటంత క్విల్టు నిమిషాల్లో అయిపోతుంది. ఏసీ గదికి అది చాలు, కొనుక్కోండి, నేనూ కొన్నాను. ఆ మెషీన్‌కు మీ అమ్మ చీర మాత్రం ఇవ్వలేరు.

జూబ్లీహిల్స్ బొటిక్‌లలో ఇవే బొంతలకు వేరే పేరు పెట్టి మూడింతలకు అమ్ముతారని కూడా వింటుంటాను. అమ్మనివ్వండి. వాళ్ళకు అద్దెలుంటాయి, అమ్ముడుపోని సరుకుంటుంది, నాకు అదేం పెద్ద పాపంలా అనిపించదు. కానీ ఆ ట్యాగు మీద ఎంత రాసి ఉందో కుట్టిన మనిషికి తెలియాలి. తెలియకుండా చూసుకోవడమే నాకు నచ్చనిది.

మీ తెలుగు సంఘాల విషయానికొస్తాను, ఎలాగూ ఈ పత్రిక వాళ్ళదే. సభల్లో వేదిక మీద ఆగస్టు 7 చేనేత దినోత్సవం గురించి, మన చేతివృత్తుల గురించి బ్రహ్మాండంగా మాట్లాడతారు. తర్వాత అతిథులకు జ్ఞాపికల కోసం నాలాంటివాళ్ళకు ఫోన్ చేసి, "ఇంతమంది పెద్దవాళ్ళు చూస్తారమ్మా, మీకు మంచి ప్రచారం" అంటారు. ప్రచారం వద్దు. ఎన్ని కావాలో, ఎప్పటికి కావాలో చెప్పి సగం డబ్బు ముందు పంపండి, మిగతా సగం సరుకు చేతికి రాగానే. చిన్న చిన్న ముక్కలతో కుట్టిన సంచులైనా సరే, బల్ల మీద పరిచే చిన్న బొంతలైనా సరే, యాభై ఆర్డరిస్తే నలుగురికి నెల రోజుల పని. శాలువాలు ఎవరైనా కప్పుతారు, అవన్నీ ఏమవుతాయో మీకూ తెలుసు.

డిసెంబర్‌లో వచ్చేవాళ్ళకు ఒక మనవి. జనవరి 2న ఫ్లైట్ పెట్టుకుని డిసెంబర్ 20న చీరలు తెచ్చి "ఎలాగైనా ఇచ్చేయండి ఆంటీ" అంటే 55 గంటలు 20 గంటలు కావు. చీరలు అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో ఉంటే సెప్టెంబర్‌లోనే మాకు చేర్పించండి, వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. సూట్‌కేసులోనే తీసుకెళ్ళండి, రెండు కిలోలకు మించదు. పార్సిల్ వేయమంటే మాత్రం 800 డాలర్లలోపు వాటికి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయిందని గుర్తుంచుకుని, ఆ ఖర్చు మీరే పెట్టుకోవాలి, దాన్ని కుట్టు కూలిలోంచి తీసెయ్యమని అడగొద్దు. ఇచ్చే ముందు చీరలు ఒకసారి ఉతికి, నీడన ఆరేసి ఇవ్వండి, కలరా ఉండల వాసనతో వచ్చిన చీర వారం ఆరబెట్టినా వదలదు, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కుట్టాల్సింది మా వాళ్ళే.