కష్టమే ఆ పద్యాన్ని బతికించింది

వెల్ష్ భాషను కాపాడాలనే మాట వస్తే ఓ సలహా వెంటనే వినిపిస్తుంది: పాత ఛందస్సు పక్కన పెట్టండి, కుర్రాళ్లు వస్తారు. నా మటుకు నాకు ఇది తలకిందుల సలహా. 2021 జనగణన ప్రకారం వేల్స్‌లో ఆ భాష వచ్చినవాళ్లు 17.8 శాతమే. అయినా ఆ మొండి ఛందస్సుకు కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లను లాగుతున్నది ఆ మొండితనమే.

మన ప్రాసకు ప్రతి పాదంలో రెండో అక్షరం కుదిరితే చాలు. వాళ్ల పాత ఛందస్సులో ధ్వనులు కుదిర్చే నియమం ‘కంగ్‌హానెద్’. అందులో ఒక రకమైతే, పాదం మొదటి సగంలో ఊనిక పడే చోటు దాకా వచ్చిన హల్లులన్నీ రెండో సగంలో అదే వరసలో మళ్లీ రావాలి. పాదం చాలాసార్లు ఏడక్షరాలే! కంగ్‌హానెద్‌లు మొత్తం నాలుగు రకాలు, పైన 24 ఛందాలు. టెన్షనే. కానీ నేర్చుకునేవాడికి ఇందులోనే పెద్ద సుఖముంది. వచన కవిత రాస్తే బాగుందో లేదో ఎవరూ తేల్చి చెప్పరు. ఇక్కడ ‘ద’ జారిపోయిందని పక్కవాడు ఠక్కున పట్టేస్తాడు. దిద్దుకుంటే పాదం నిలబడుతుంది. గెలిచానని ఎవరూ చెప్పక్కర్లేదు, చెవే చెబుతుంది.

ఈ హల్లుల వేటలో భావం చచ్చిపోతుందనేవాళ్లున్నారు. చచ్చిన పద్యాలు బోలెడు, కాదనను. అందుకే జాతీయ ఐస్టెద్‌వోద్ ఉత్సవంలో ఈ ఛందస్సులో రాసిన మేటి పద్యానికిచ్చే కవి పీఠాన్ని, తగిన పద్యం రాని ఏడాది ఖాళీగానే వదిలేస్తారు. అదే పీఠాన్ని 1985లో, వెల్ష్‌ను నేర్చుకుని వచ్చిన రోబాట్ పావెల్ గెలిచాడు. పుట్టుకతో వస్తేనే వస్తుందనే వాదన అక్కడితో సరి.

అసలు కిటుకు పోటీలో ఉంది. బీబీసీ వెల్ష్ రేడియోలో ‘టాలూర్న్’ 1979 నుంచి నడుస్తోంది. జట్లు పద్యాలు రాసుకొచ్చి చదువుతాయి, న్యాయనిర్ణేత పదికి మార్కులేస్తాడు, జనం నవ్వుతారు. ఓడినవాడు మళ్లీ వస్తాడు.

మనకేం తక్కువ? అవధానం ఉంది, ఆకాశవాణి సమస్యాపూరణం ఉంది. కానీ అవధానంలో మనం చప్పట్లకే పరిమితం. బడిలోనా, ఎవరో రాసిన పాదానికి గురులఘువులు పెట్టి గణాలు విడదీస్తే మార్కులు పడతాయి. ఒక్క ఆటవెలది సొంతంగా రాయమని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. తప్పులతోనే సరే, పదో తరగతిలో ఆ ఒక్క ప్రశ్న పెట్టి చూడండి.