స్కెచ్చు బుక్కుల మీద నిషేధం పెట్టాలె

మన దిక్కు టూరిజం బాగుపడాలంటే ముందుగాల చెయ్యాల్సిన పని ఒక్కటే, ఈ స్కెచ్చు బుక్కులు సంచిల వేస్కొని ఊర్లు తిరిగేటోళ్లను ఆపాలె. నవ్వకుండ్రి, మస్తు ఆలోచించి చెప్తున్న. సెల్ఫీ దిగేటోనితోని ఎవ్వలికీ ఏ ఇబ్బంది లేదు, వస్తడు, కోట ముంగట నిలబడ్తడు, మూతి సున్న చుడ్తడు, రెండు నిమిషాలల్ల బిర్యాని దిక్కు పోతడు. అసలు వాడు కోటను చూడనే చూడడు, కోటకు వీపు పెట్టి నిలబడ్తడు కదా. గీసేటోడు అట్ల కాదు, మడత కుర్చీ ఏస్కొని గంటసేపు ఒక్కదాన్నే గుడ్లప్పగించి చూస్తడు. గంటసేపు చూస్తే మన దగ్గర ఏ కట్టడం పరువన్న మిగుల్తదా?

మొన్న ఒక కోట దగ్గర, ఏ ఊరో చెప్పను, ఒకాయన గీస్తుంటే వెనక నిలబడి చూసిన. పాయింట్ త్రీ సన్న మొన పెన్ను తోని రాయి మీద రాయి, సందు మీద సందు గీస్కుంట పోతున్నడు, మధ్యల పెన్ను ఆగింది. ఏందా అని చూస్తే అక్కడ రాళ్లకు అడ్డంగ లవ్ గుర్తు, అండ్ల బాణం, బాణానికి అటొక అక్షరం ఇటొక అక్షరం. దాన్ని దాటినంక సిమెంటు అతుకు. అల్ట్రామెరిన్ నీలంల బర్న్ట్ సియెన్నా అనే గోధుమ రంగు కలిపితే మన గుట్టల రాయికి సరిపొయ్యే బూడిద రంగొస్తది, గా నీలం కొంచెం ఎక్కువేస్తే నీడ, గోధుమ ఎక్కువేస్తే ఎండ. కానీ రిపేరు పేరు మీద పూసిన సిమెంటుకు ఏం కలిపినా రంగు కుదరలే పాపం, మూడు సార్లు కడిగి తుడిచిండు. కెమెరా అయితే ఇవన్నీ కనపడకుంట ఫిల్టర్ ఏస్కునేది. మర్యాదస్తురాలు.

గింతల ఒక తమ్మి బండి ఆపి వచ్చిండు. "అన్నా, అంతా మంచిగ గీసినవ్ గని దర్వాజ మీది ఫ్లెక్సీ ఇడిసిపెట్టినవేంది, మా అన్న బర్త్‌డే ఫ్లెక్సీ అది." గీసేటాయన నసిగిండు, కోట పాతది తమ్మీ, ఫ్లెక్సీ కొత్తది అన్నడు. "అయితే? మా అన్న పాతోడే, ఇది మూడో టర్మ్." ఇండ్ల తమ్మిదే న్యాయం అంటా నేను. 2007ల సియాటెల్‌ల గాబ్రియెల్ కంపనారియో అనే పేపర్ జర్నలిస్టు అర్బన్ స్కెచర్స్ అని జాగ మీదనే బొమ్మలు గీసేటోళ్ల సంఘం షురూ చేసిండు, వాళ్ల నియమాలల్లనే ఉంది, జాగ మీద కూసొని గియ్యాలె, కండ్లకు కనపడ్డది నిజాయితీగ గియ్యాలె అని. కనపడేది ఫ్లెక్సే కదా సారూ, కోట దాని వెనకాల ఉంది.

ఇగ ఊర్లల్ల కూసుంటే ఇంకో కథ. బుక్కు తీసి ఇల్లు దిక్కు చూసి తల దించి రాసుకునేటోడు మన దగ్గర ఒక్కడే ఉంటడు, సర్వే సారు. ఎంటనే పెద్దమనిషి కండువ సర్దుకొని వస్తడు, "సారూ, రోడ్డు ఎడల్పుల మాది ఎన్ని ఫీట్లు పోతది?" బొమ్మ గీస్తున్న తాతా అంటే నమ్మడు, చాయ్ తెప్పిస్తడు, పక్కింటోని గోడ రెండు ఫీట్లు ముందుకొచ్చిందని చెవుల చెప్తడు. తాతను తప్పు పట్టలేం. 1815ల దేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ నిజాం ఇలాకాల కొలతలు పట్టినోడే, గుళ్ల బొమ్మలు, శాసనాల నకళ్లు కుప్పలు కుప్పలు జమ చేసినోడే. ఈ గడ్డ మీద బొమ్మ వెనక భూమి కొలిచే గొలుసు రావుడు కొత్త కాదు.

సాగర్ కాడ అయితే ఇంకా ఘోరం. డ్యామ్‌కు 26 గేట్లు, ఆ సంగతి నల్గొండల పుట్టిన పోరనికి కూడ ఎరుకే, గీసేటోడు ఇరవై నాలుగు దాకా ఓపికగ గీసి ఆఖరికి రెండు మింగుదామని చూస్తే మొక్కజొన్న కంకులమ్మే అవ్వ లెక్కపెట్టి చెప్తది, "రెండు తక్కువున్నయ్ బిడ్డా, యాడ పెట్టినవ్?" ఆడిట్ అంటే గట్లుండాలె.

ఎండల సంగతి కూడ ఒక మాట. నీళ్ల రంగులు నేర్పే వీడియోలల్ల తెల్లదొరలు మొదటి పూత ఆరేదాక పది నిమిషాలు ఆగుమంటరు. మే నెలల నల్గొండల ఆకాశానికి నీలం పెట్టి బ్రష్షు ఆ అంచు నుంచి ఈ అంచుకు వచ్చేలోపే ఆ అంచు ఆరిపోయి గీత పడ్తది. తడి రంగు మీద ఉప్పు చల్లితే చుక్కలు చుక్కలుగ డిజైన్ వస్తదంటరు, మన బోరు నీళ్లకు ఆ ఖర్చు కూడ లేదు. నీడ నిమిషానికింత జరుగుతది కాబట్టి ముందు నీడ గియ్యాలె అని ఇంకో రూలు. దీనికి మాత్రం మన దగ్గర మందుంది, పానగల్లు ఛాయా సోమేశ్వరం. గర్భగుడిల లింగం మీద స్తంభం నీడ పొద్దంతా అదే జాగల ఉంటది, స్తంభాల మీదికెళ్లి వచ్చే వెలుతురును అట్ల లెక్కకట్టి కట్టిండ్రు. కొత్తగ నేర్చుకునేటోని కోసం నీడ ఆగుతది. లోపట చీకటి, ఏ రంగుల బ్రష్షు ముంచినవో కనపడదు, అది వేరే ముచ్చట.

పిల్లలమర్రిని తీస్కోండ్రి. చెదలు పట్టి, 2018ల ఆ ముసలి మర్రికి సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించిండ్రు, ప్రపంచమంతా చూసింది. దానికి ముందు ఎన్నేండ్లు మనోళ్లు ఆ ఊడలకు ఏలాడి ఫొటోలు దిగిండ్రు, ఒక్కనికన్న చెదలు కనపడెనా? ఎవడన్న బెరడు గీస్కుంట కూసుండుంటె ముందే కనపడేది, కనపడితే ముందే ఫైలు కదపాల్సొచ్చేది, గింత మంది ఆఫీసర్ల నిద్ర పాడయ్యేది.

నిషేధం కుదరదంటే ఒక సర్కులర్ అన్న తియ్యాలె. సెల్ఫీ పాయింట్ దగ్గర్నే కూసోవాలె, ఐదు నిమిషాలు దాటొద్దు. ఇంకు సంగతి మాత్రం గట్టిగ చూసుకోవాలె, పిగ్మెంటు ఇంకు ఒకసారి ఆరిందంటే మీద ఎన్ని నీళ్లు పూసినా గీత కదలదు, అంటే అది సాక్ష్యం కిందికొస్తది, కాబట్టి దానికి లైసెన్సు పెట్టాలె. నీళ్లకు కరిగే మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు మాత్రం ఫ్రీగ పంచొచ్చు, రంగు పెట్టంగనే లవ్ గుర్తు, సిమెంటు అతుకు, తక్కువబడ్డ గేట్లు అన్నీ కలిసి కారిపోతయి. వాటర్‌ప్రూఫ్ పర్మిషన్ ఒక్క ఫ్లెక్సీలకే ఉండాలె.