పారేయడానికే వెతికాం

స్కూటర్ కిక్ కొడితే కాలికి ఏ అడ్డూ తగలకుండా జర్రున దిగిపోతోందంటే కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపల గాలిని నొక్కి పట్టే బిగువు, పోయినట్టు. కంప్రెషన్ పోయిందంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు. రింగులు అరిగాయంటే పిస్టన్ కిట్ మార్చాలి. ఎవర్ని అడిగినా ఇంతవరకూ ఇదే చెప్తారు. మెకానిక్‌కి ఇవ్వకుండా ఇంట్లోనే మార్చేద్దామన్నది మాత్రం నా సొంత తెలివి. మాది చిన్న టూ స్ట్రోక్ స్కూటర్. వాల్వులు లేవు, టైమింగ్ చైన్ లేదు. లోపల కదిలేవి ముఖ్యంగా పైకీ కిందకీ ఆడే పిస్టన్, కింద గుండ్రంగా తిరిగే క్రాంక్, రెండిటినీ కలిపే కనెక్టింగ్ రాడ్. "ఇంతకంటే ఈజీ ఇంజిన్ ఉండదు ఫ్రెండ్స్, చిన్నపిల్లలు కూడా చేసేయొచ్చు" అన్నాడు వీడియోలో ఒకాయన. చిన్నపిల్లలు చేసేస్తుంటే నేను చూస్తూ ఊరుకోవడమేంటని స్పానర్లు కొన్నాను.

విప్పడం గురించి చెప్పను. తుప్పు, జిడ్డు, చీరుకుపోయిన వేళ్ళు, అంతే. ఇంజిన్ బల్లమీదకి ఎక్కింది. వెనకున్న ఆయిల్ సీల్ కారుతోందేమో చూద్దామని పుల్లర్ పెట్టి ఫ్లైవీల్ కూడా లాగేసి పక్కన నేలమీద వెల్లకిలా పెట్టాను. ఇంజిన్ పైమూత, అదే హెడ్, వచ్చింది. పిస్టన్ ఆడే గొట్టం, అదే బోరు, వచ్చింది. పిస్టన్ ఒక్కటీ కనెక్టింగ్ రాడ్ మీద తల ఊపుతూ మిగిలింది. దాని కింద క్రాంక్ ఉండే డొల్ల, అదే క్రాంక్ కేస్, నోరు తెరుచుకుని ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి పట్టి ఉంచేది గడ్జన్ పిన్ అనే ఉక్కు గొట్టం. అది పక్కకి జరిగి బోరు గోడని గీకెయ్యకుండా రెండు చివర్లా రెండు సర్‌క్లిప్పులు ఉంటాయి. సన్నటి స్ప్రింగు తీగని గుండ్రంగా వంచి, మూతి దగ్గర కొంచెం తెరిచి వదిలేస్తారు. చెవికి పెట్టుకుందామన్నా పనికిరాదు. కానీ ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకి 100 సార్లు పైకీ కిందకీ పోయే పిస్టన్‌లో ఆ పిన్నుకి కాపలా కాసేది అదే. ఆ మాత్రం బాధ్యత నెత్తినున్నదానికి ఆ మాత్రం పొగరుండటంలో తప్పులేదు.

మాన్యువల్ తిరగేశాను. ఫ్లైవీల్ తీయడానికి అర పేజీ బొమ్మలున్నాయి. స్పార్క్ ప్లగ్ గ్యాప్‌కి పట్టిక ఉంది. సీటు ఎలా ఎత్తాలో కూడా బాణం గుర్తులతో చూపించారు. దీనికి మాత్రం రెండే వాక్యాలు: "క్రాంక్ కేస్ ముఖద్వారమును శుభ్రమైన వస్త్రముతో మూయుము. సర్‌క్లిప్‌ను తొలగించుము." తొలగించుము! ఈ మాట రాసిన మహానుభావుడు జీవితంలో ఒక్క సర్‌క్లిప్పైనా తొలగించి ఉంటాడా అని నా అనుమానం.

సరే, వీడియో పెట్టాను. ఆయన నోస్ ప్లైయర్ మొనని క్లిప్ దగ్గరికి తెచ్చాడు. "ఇలా తీసేసుకోవాలి ఫ్రెండ్స్, సింపుల్" అన్నాడు. అక్కడ కట్. మరుక్షణం క్లిప్ తెల్ల గుడ్డమీద బుద్ధిగా పడుకుని ఉంది. మధ్యలో ఏం జరిగింది? వెనక్కి జరిపి చూశాను, స్పీడ్ తగ్గించి చూశాను. ప్లైయర్ దగ్గరకొస్తుంది, క్లిప్ గుడ్డమీద ఉంటుంది. ఒక్క తేడా మాత్రం పట్టుకోగలిగాను. ప్లైయర్ పెట్టినప్పుడు ఆయన వెనకాల కిటికీలోంచి ఎండ పడుతోంది. క్లిప్ గుడ్డమీదున్నప్పుడు ట్యూబ్‌లైట్ వెలుగుతోంది.

అప్పుడే ఆగిపోవాల్సిందేమో. కానీ గుమ్మంలో పక్కింటి బాబాయిగారున్నారు. మొదటి బోల్టు విప్పినప్పటి నుంచీ చేతులు వెనక్కి కట్టుకుని అక్కడే నిలబడి, "ఎందుకమ్మా నీకివన్నీ" అని మధ్యమధ్యలో ఉత్సాహపరుస్తున్నారు. ఆయన ముందు ఆగితే ఇంకేమైనా ఉందా! మూతి దగ్గర ప్లైయర్ మొన దూర్చాను.

"అమ్మాయ్, జాగ్రత్త, అది ఎగురు..."

టింగ్.

తర్వాత, కాస్త ఆగి, టిక్.

ఆ టింగ్ నాకు తెలుసు, ప్లైయర్‌ది. నా బాధంతా టిక్‌తోనే. ఆ టిక్ నేలదైతే ఊడ్చుకుంటాం. బీరువాదైతే జరుపుకుంటాం. క్రాంక్ కేస్‌ది అయితే? టూ స్ట్రోక్‌లో పెట్రోలూ గాలీ కలిసి ముందు క్రాంక్ కేస్‌లోకే పోతాయి. అక్కడ క్రాంక్, దానికి అటూ ఇటూ బేరింగులు. వాటి మధ్య ఉక్కు తీగ ముక్క పడిందంటే, కేసు రెండు చెక్కలూ విడదీసి చూడాల్సిందే. అంటే ఇప్పటిదాకా చేసింది ఉపోద్ఘాతం, అసలు గ్రంథం ఇక ముందుంది.

"గుడ్డ పెట్టావా?" అన్నారు బాబాయిగారు.

"పెట్టానండీ."

వంగి చూశారు. "మరి ఈ సందేంటి?"

కనెక్టింగ్ రాడ్ పక్కన వేలు పట్టేంత సందు. శుభ్రమైన వస్త్రము అన్నారే గానీ ఎంత వస్త్రమో రాయలేదు.

"ఎటు పోయిందో చూశారా బాబాయిగారూ?"

"చూడకేం, ఎడమవైపు." ఎడమవైపంతా వెతికాం. లేదు. "ఎడమంటే నాకు ఎడమ. నీకు కుడి." కుడివైపంతా వెతికాం. "పైకి లేచి పడినట్టుంది సుమా" అన్నారు చివరికి, ఫ్యాను వైపు చూస్తూ. క్లిప్ ఎగిరినప్పుడు ఆయన ఫోన్ చూసుకుంటున్నారని నాకు గట్టి నమ్మకం. కానీ పెద్దాయన, ఏమనగలం?

స్ప్రింగు ఉక్కు కదా, అయస్కాంతానికి అంటుకుంటుందని పాత స్పీకరులోది ఒకటి ఊడబెరికి, దారం కట్టి, గుడ్డ తీసి క్రాంక్ కేస్‌లోకి దించాను, బావిలో పడ్డ చేద కోసం పాతాళగరిగె వేసినట్టు. దించగానే టక్కుమని ఏదో పట్టింది. గుండె ఝల్లుమంది. లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. దారం తెగేలా ఉంది. కాసేపటికి వెలిగింది: కేసు అల్యూమినియం గానీ లోపలున్న క్రాంక్ ఉక్కు. అయస్కాంతం పోయి దాన్నే కావలించుకుంది. తీసి మళ్ళీ దించితే మళ్ళీ క్రాంక్. ఎటు దించినా క్రాంక్. దొరికిందని ప్రతిసారీ ఆశపడటం, ప్రతిసారీ "ఏదీ, ఏదీ" అంటూ బాబాయిగారు పరిగెత్తుకు రావడం.

ఇలా లాభం లేదని ఇద్దరం ఇంజిన్‌ని తలకిందులుగా ఎత్తి పట్టుకుని ఊపాం. నల్లటి ఆయిల్ పడింది, నా కాళ్ళమీద. బొగ్గు పెళ్ళలు పడ్డాయి. ఆయన చొక్కా జేబులోంచి కళ్ళజోడు పడింది. క్లిప్ పడలేదు.

ఈ హడావిడికి పిన్నిగారు టార్చిలైటు పట్టుకుని వచ్చారు. ఆవిడ వెతకడంలో ఒక పద్ధతి ఉంది. మూల నుంచి మొదలుపెట్టి, ఒక్కో వస్తువూ ఎత్తి, కింద చూసి, మళ్ళీ అక్కడే పెట్టి ముందుకెళ్తారు. బీరువా కింద నుంచి పిన్నీసులు, ఒక చొక్కా బొత్తాం, ఎప్పుడో పోయిందనుకున్న పెన్ను మూత బయటపడ్డాయి. మధ్యలో తలెత్తి అడిగారు:

"దొరికాక దాన్ని ఎక్కడ పెడతావమ్మా?"

"ఎక్కడా పెట్టకూడదు పిన్నిగారూ. ఒకసారి తీసిన క్లిప్ మళ్ళీ వాడకూడదట. కొత్తవి పిస్టన్ కిట్‌తో పాటే వచ్చాయి. ఇది పారేయడమే."

టార్చిలైటు ఆరిపోయింది. ఆవిడే ఆర్పారు.

"పారేసేదానికా ముగ్గురం ఇలా పాకుతున్నాం?"

"లోపల పడలేదని తెలియాలి కదండీ. తెలిస్తే చాలు."

"ఐతే పడలేదనుకో" అన్నారు బాబాయిగారు. ఇంజినీరింగ్ సమస్యలన్నిటికీ ఆయన దగ్గరుండే పరిష్కారం ఇదే. గీజరు షాక్ కొడుతుంటే కూడా కొట్టట్లేదనుకోమనే అని ఉంటారు.

పిన్నిగారు ఇంకేమీ అనకుండా, ఊడ్చడానికి అడ్డంగా ఉందని ఫ్లైవీల్‌ని పక్కకి జరిపారు. జరిపి, అందులోకి చూశారు.

ఫ్లైవీల్ లోపలి అంచు పొడుగునా అయస్కాంతాలుంటాయి. అవి కాయిల్ చుట్టూ తిరిగితేనే ప్లగ్గుకి కరెంటు పుడుతుంది. స్పీకరుది దాని ముందు ఎంత! ఆ అయస్కాంతాల్లో ఒకదాన్ని పట్టుకుని, నిటారుగా నిలబడి ఉంది సర్‌క్లిప్. చుట్టూ ఇనుప రజను. ఎగిరిన మరుక్షణమే పోయి అక్కడ కూర్చుని, మా ముగ్గురి విన్యాసాలూ చూస్తూ ఉందన్నమాట. ఆ టిక్ ఇదన్నమాట.

చూడకుండా ఆ ఫ్లైవీల్‌ని అలాగే బిగించేసి ఉంటే? ఆ తీగ పోయి కాయిల్‌ని చీరేసేది. మాన్యువల్లో బిగింపు గురించి ఏం రాశారో తెలుసా? "విప్పిన వరుసకు వ్యతిరేక క్రమములో బిగించుము." అంతే. వ్యతిరేక క్రమమంటే క్లిప్ వచ్చి తనంతట తనే పిస్టన్‌లో దూరాలి.

"నేను మొదటే అనుకున్నా, అక్కడే ఉంటుందని" అన్నారు బాబాయిగారు.

తర్వాతి పనులు చెప్పుకోదగ్గవేం కావు. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు పెట్టాలి. పిస్టన్ మీద రింగు కూర్చునే గాడిలో ఉండే బుల్లి మేకు రింగు మూతి మధ్యలోకి వచ్చేలా చూసుకోవాలి, లేకపోతే బోరు కంతల్లో రింగు ఇరుక్కుని విరుగుతుంది. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోశాను. కిక్ ఈసారి కాలిని ఎదురు తన్నింది. స్టార్టయింది. బిగించేటప్పుడు లోపల పూసిన ఆయిలంతా కాలి ఇల్లంతా నీలం పొగ కమ్ముకుంది. అందులోంచి దగ్గుతూ బాబాయిగారి గొంతు వినిపించింది: "పొగెక్కువ వస్తోందమ్మాయ్, మళ్ళీ విప్పి చూడాల్సిందే." సాయంత్రం గేటు దగ్గర ఎవరితోనో "ఇద్దరం కలిసే చేశాం లెండి, తనకేం తెలుసు పాపం" అంటుంటే కూడా విన్నాను.

ఇంతకీ కొత్త సర్‌క్లిప్పులు రెండూ, మూతి కిందకి ఉండేలా, ఎలా ఎక్కించానంటారా? ఇలా ఎక్కించేసుకోవాలి ఫ్రెండ్స్. సింపుల్.