ప్రతిదీ 'బెస్పోక్' ఎలా అవుతుందండీ?

కోకాపేట వైపు వెళ్తే హోర్డింగుల మీద ఇప్పుడు ఇదే మాట. బెస్పోక్ ఫ్లాట్లట, అంటే కొనేవాడు చెప్పినట్టు కట్టేవి! టవర్ కింద నుంచి పైదాకా అచ్చు ఒకటే ప్లాను. బాత్రూం తలుపు ఎటు తెరుచుకోవాలో కూడా కొనేవాడి చేతిలో లేదు. మూడు రకాల టైల్స్ చూపించి ఒకటి ఏరుకోమన్నారంతే. చీరల షాపులో మనం రోజూ చేసేదీ అదేగా.

ఈ మాట ఇంగ్లిష్ దర్జీలది, ముందే చెప్పి చేయించుకున్నది అని అర్థం. లండన్‌లో పేరున్న దర్జీల వీధి సావిల్ రో లెక్క ప్రకారం ఒక మనిషి ఒంటికి కొత్తగా కాగితం మీద గీసి, కత్తిరించి, మధ్యలో ట్రయల్స్ చూసి కుట్టాలి. ఉన్న ప్యాటర్న్‌నే మన కొలతకి సర్దితే దాని పేరు మేడ్ టు మెజర్. 2008లో అక్కడ ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ దాకా ఈ మాట మీద పంచాయతీ వెళ్లింది. మిషన్ కటింగ్ సూట్‌ని కూడా ప్రకటనలో బెస్పోక్ అని చెప్పుకోవచ్చని వాళ్లు తేల్చారు. నన్నడిగితే ఆ మాట పరువు పోయింది అక్కడే.

మన అమీర్‌పేట గల్లీల్లో జాకెట్లు కుట్టే మాస్టర్లని చూడండి. ఆది జాకెట్ ఇస్తే పక్కన పడేసి, "అక్కా, ఇది చంక దగ్గర పట్టేస్తోంది కదా, ఎడమ భుజం కొంచెం కిందికుంది మీకు" అని మళ్లీ టేపు తీస్తారు. రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి లోపల కుట్ల దగ్గర గుడ్డ వదులుతారు. మెడ ఎంత లోతు, డోరీ కావాలా హుక్సా, మగ్గం వర్క్ చేతుల వరకేనా, అన్నీ కత్తెర పడకముందే మాట్లాడుకుంటాం. (చెప్పిన రోజుకి ఇవ్వరు, అది వేరే కథ.) నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. వస్తువు తయారవకముందు మన మాట చెల్లిందా లేదా?

మా తమ్ముడి పెళ్లికి జూబ్లీహిల్స్‌లో ఒక బొటిక్‌కి వెళ్లాం. బెస్పోక్ షేర్వాణీ అన్నారు. తీరా చూస్తే ఎల్ సైజుది తెచ్చి నడుం దగ్గర పిన్నులు పెట్టారు. మావాడు ఎడమచేతి వాటం, లోపలి జేబు కుడివైపు పెట్టమన్నాడు. "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు సార్" అన్నాడా కుర్రాడు. అయితే ఆ బెస్పోక్ అన్నందుకు వేసిన డబ్బులు బిల్లులోంచి తీసెయ్యి నాయనా అన్నాను. అదీ సిస్టమ్‌లో లేదట.