కూర్చోగానే అన్నం పెట్టే వెనకబడిన ఊరు

నెల్లూరు 2004లో నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల నాటికే ఊళ్లో 5 లక్షలకు అటూ ఇటూగా జనం ఉన్నారు. 16వ నంబరు జాతీయ రహదారి ఉంది, చెన్నై రైలు మార్గం ఉంది, తూర్పున కృష్ణపట్నం రేవు ఉంది. ఇన్ని హంగులున్నా దీన్ని మహానగరమని ఒక్కరూ ఎందుకు అనడం లేదని అడిగితే, పెద్దలు విమానాశ్రయం లేదంటారు, పెద్ద పరిశ్రమలు లేవంటారు, రాజకీయం బాగాలేదంటారు. అవేవీ అసలు కారణాలు కావు. ఈ ఊళ్లో హోటలుకు వెళ్లిన మనిషికి కూర్చోగానే అన్నం పెట్టేస్తారు. వెనకబాటుతనానికి ఇంతకు మించిన నిదర్శనం మరొకటి అక్కర్లేదు.

ట్రంకు రోడ్డు చుట్టుపక్కల సందుల్లోని ఏ మెస్సులోకైనా మధ్యాహ్నం ఒంటి గంటకు వెళ్లి చూడండి. తలుపు దగ్గర నల్లకోటు తొడుక్కుని మీ పేరు, ఫోను నంబరు రాసుకునేవాడు ఉండడు. ఎంతమంది అని అడిగేవాడూ ఉండడు. ఖాళీ కుర్చీ కనబడితే కూర్చోవడమే, ఎదురుగా ముక్కూమొహం తెలియని మనిషి భోజనం చేస్తున్నా సరే. అరిటాకు పడుతుంది, దాని మీద మీరు నీళ్లు చల్లి చేత్తో తుడిచేలోగా ఒక మూల పచ్చడి, మరో మూల వేపుడు వచ్చి కూర్చుంటాయి, వాటి వెనకే అన్నం, ఆ అన్నం మీద మీరు చాలనేదాకా పప్పు. కందిపొడిలోకి నెయ్యి వేసే మనిషి చిన్న గరిటెతోనే వేస్తాడు గానీ రెండోసారి అడిగితే మొహం చిట్లించడు. ఇక రసం బకెట్టు పట్టుకుని తిరిగే ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు ఆకు మడవబోతుంటే, "ఏందబ్బయ్యా, అప్పుడే లేస్తుండావే, పెరుగన్నం ఎవురు తింటారు?" అని నిలదీస్తాడు. డబ్బిచ్చి తినడానికి వచ్చిన వినియోగదారుణ్ణి పట్టుకుని మేనమామలాగా గద్దించే ఈ సంస్కారం ఏ మహానగరంలోనైనా చెల్లుతుందా?

ఒకప్పుడు మనవాళ్ల విలాసాలన్నీ మద్రాసులోనే ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా నెల్లూరి మనసు మాత్రం చాలాకాలం అక్కడే ఉండిపోయింది. దాదాపు 175 కిలోమీటర్లు రైల్లో వెళ్లి, చీరలు కొని, సినిమా చూసి, హోటల్లో కాఫీ తాగి వస్తే ఏడాదికి సరిపడా గొప్పలు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఆ స్థానాన్ని హైదరాబాదు ఆక్రమించింది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి అక్కడ ఉంటాం. పైగా 2019లో యునెస్కో వారు ఆ నగరాన్ని ఆహార కళకు సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చారు. ఐక్యరాజ్య సమితి అంతటిది సాక్ష్యం చెప్పాక అక్కడ తిన్నది బాగోలేదనడానికి మనమెవరం?

నగరంలో భోజనం అనేది ఒక దీక్ష. దానికి శుక్రవారం నుంచే సంకల్పం చెప్పుకోవాలి. ఏ రెస్టారెంటుకు నాలుగు నక్షత్రాలు పైబడి ఉన్నాయో, ఏది రీల్స్‌లో తిరుగుతోందో, ఎక్కడ గోడ మీద ప్లాస్టిక్ తీగలు అల్లి మధ్యలో ఊదారంగు లైటు పెట్టారో కుటుంబమంతా కూర్చుని పరిశోధిస్తుంది. శనివారం సాయంత్రం కొండాపూర్‌లో బయలుదేరిన కారు జూబ్లీహిల్స్ చేరేసరికి పిల్లవాడు ఒకసారి నిద్రపోయి లేస్తాడు. చేరాక కారు తాళాలు ఎవరో అపరిచితుడికి ఇచ్చేసి, పేరు రాయించుకుని, బయట వేసిన బల్ల మీద మరో ముప్పావు గంట కూర్చోవాలి. ఆ బల్ల మీద పక్కపక్కన కూర్చున్న నాలుగు కుటుంబాల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, కానీ తలుపు తెరుచుకుని పిలుపు వినబడినప్పుడల్లా నలుగురూ ఒక్కసారే తలెత్తుతారు. పేరు పిలిపించుకున్న కుటుంబం లేచి లోపలికి నడిచే తీరు చూసి తీరాల్సిందే, ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినవాళ్లు కూడా అంత ఠీవిగా నడవరు. ఆకలి అనేది ఇలా తయారు కావాలి. మన మెస్సులో ఆకలి పుట్టినచోటే చచ్చిపోతుంది కాబట్టి దానికి విలువ లేదు.

చేపల పులుసు విషయంలో మన అజ్ఞానం మరీ బయటపడుతుంది. మన ఇళ్లలో ఉదయాన్నే కొరమేనో బొచ్చెయో తెచ్చి, బూడిదో ఉప్పో పెట్టి జిగురు పోయేలా రుద్ది కడిగి, చింతపండు పులుసు మరిగాక ముక్కలు వేసి, ముక్క విరగకుండా గరిటె పెట్టకుండా దాకను రెండు చేతులతో పట్టుకుని తిప్పుతారు. వేసవి అయితే నాలుగు మామిడికాయ ముక్కలు పడాల్సిందే. మామిడి పేరెత్తాక ఉలవపాడు పేరు చెప్పకపోతే పాపం తగులుతుంది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరుతో పాటు ఆ మండలం కూడా ప్రకాశం నుంచి మన లెక్కలోకి వచ్చిందని కొందరు అప్పట్లో మీసం తిప్పారు, ఒంగోలు వాళ్లు మాత్రం అది తమదేనన్నారు. సరే, ఇంత చేశాక ఆ పులుసును ఆ పూట తినకుండా మూతపెట్టి మర్నాటి దాకా ఉంచుతారు. ముక్కకు ఉప్పూ కారం పట్టాలంటే రాత్రంతా నానాలని వాదన. నిన్నటి కూరను ఇవ్వాళ తినడాన్ని గొప్పగా చెప్పుకునే జాతి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో పురావస్తు శాఖవారు తేల్చాలి.

అదే పులుసు నగరంలో ఎంత హుందాగా ఉంటుందో గమనించండి. పిల్లలు బొమ్మరింట్లో ఆడుకునేంత చిన్న మట్టి మూకుడు, దాని కింద వెలుగుతున్న చిన్న కొవ్వొత్తి, పైన ఒకే ఒక్క కరివేపాకు రెబ్బ, లోపల ముల్లు లేని మూడు ముక్కలు. ముల్లు తీసేయడంలో గొప్ప వివేకముంది. ముల్లున్న చేప తినాలంటే రెండు చేతులూ, కళ్లూ, కాస్త బుద్ధీ కంచం మీదే ఉంచాలి. నగరవాసికి ఒక చెయ్యి ఫోనుకు కావాలి. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులను ఆ కొడుకు ప్రేమతో తీసుకెళ్లేది కూడా సరిగ్గా ఇలాంటి చోటికే, ఎందుకంటే బోర్డు మీద 'నెల్లూరు' అని ఉంటుంది. పొద్దున ఇంట్లో దాక కడిగి బోర్లించి, ఒక రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి, వందల కిలోమీటర్ల దూరంలో తన ఊరి పులుసు తాను తిని, "పర్లేదు నాయనా, మన పక్క చేసినట్టే ఉండాది" అని ఆ తల్లి సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు కొడుకు కళ్లలో కనిపించే తృప్తికి వెలకట్టలేం. వెల మాత్రం ఆ మూకుడికి కట్టారు, మెనూలో కుడిపక్కన ఉంటుంది.

వెల సంగతి వచ్చింది కాబట్టి నీళ్ల సంగతీ చెప్పుకోవాలి. నెల్లూరు హోటల్లో స్టీలు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి నీళ్లు పోస్తారు, అందులో ఎంపిక లేదు. నగరంలో కూర్చోగానే మిమ్మల్ని ఒక గౌరవప్రదమైన ఇరకాటంలో పెడతారు: మామూలు నీళ్లా, సీసా నీళ్లా? పక్కన వియ్యంకుడు కూర్చుని ఉండగా మామూలు నీళ్లని చెప్పగలిగిన మగవాడు ఇంకా పుట్టలేదు. ఆ సీసా మీద అచ్చువేసిన ధర కంటే ఎక్కువ తీసుకున్నారని గొణగడానికీ వీల్లేదు, హోటళ్లు అమ్మేది ఉత్త నీళ్లు కాదు, సేవతో కలిపిన నీళ్లు కాబట్టి ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ సేవకు మళ్లీ విడిగా సర్వీస్ ఛార్జి అని ఒకటి బిల్లు అడుగున ఉండేది. అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, హోటళ్లవాళ్లు కోర్టుకు వెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇది నగర జీవనంపై జరిగిన దాడి. కనిపించని సేవకు కనిపించే రుసుము చెల్లించే స్వేచ్ఛ కూడా లేకపోతే ఇక నగరానికీ నాయుడుపేటకూ తేడా ఏముంది? 5 శాతం జీఎస్టీ మాత్రం ఇంకా ఉంది, అంతవరకు సంతోషం.

అన్నా క్యాంటీన్లో 5 రూపాయలకు భోజనం పెడుతున్న రాష్ట్రం మనది. దీనివల్ల పేదవాళ్లకు భోజనం అంటే ఎంత సులువో అన్న తప్పుడు అభిప్రాయం ఏర్పడిపోతోంది. దాని మీద మరోసారి రాస్తాను.

భోజనం తర్వాత గాలి. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టించిన చెరువు. దాని ఒడ్డున ఆదివారం సాయంత్రం నిలబడి మొక్కజొన్న కంకి తింటూ గాలి పీల్చడం నగరవాసి హక్కు, ఆ గాలిలో ఏముందన్నది వేరే శాఖ చూసుకుంటుంది. మనవాళ్లు కూడా ఈ విషయంలో కొంత కళ్లు తెరిచి మన చెరువు గట్టుకూ నెక్లెస్ రోడ్డు అని పేరు పెట్టుకున్నారు. పేరు వచ్చింది గానీ ట్రాఫిక్ రాలేదు. మైపాడు సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే ఉంది, స్కూటరు వేసుకుని వెళ్లి, అలల్లో కాళ్లు తడుపుకుని, వేరుశనక్కాయలు తిని రాత్రి అన్నానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఇంత దగ్గర్లో సముద్రాన్ని పెట్టుకుంటే దానికి గౌరవం ఎలా వస్తుంది? నగరంలో గోడ నిండా సముద్రం బొమ్మ వేసిన రెస్టారెంట్లున్నాయి, వాటిలో ఆ గోడ పక్క టేబులు కావాలంటే ముందుగా చెప్పి ఉంచుకోవాలి.

ఇదంతా మన స్వయంకృతమే. ఏటా మొహర్రం నాడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగకు మన ఊరి తల్లులే ఉద్యోగ రొట్టె పట్టుకుంటారు, వీసా రొట్టె పట్టుకుంటారు. కోరిక తీరుతుంది, పిల్లలు వెళ్లిపోతారు, మరుసటి ఏడాది మార్చుకోవడానికి రొట్టె ఉంటుంది గానీ పిల్లలు ఉండరు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ల చూపు మారిపోయి ఉంటుంది. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పులపొడి చల్లిన దోసెను తల్లి పెనం మీద నుంచి నేరుగా కంచంలో వేస్తే, ఆ పిల్లవాడు లేచి కిటికీ దగ్గరికి కంచం పట్టుకెళ్లి వెలుతురు చూసుకుంటాడు. "తినరా నాయనా, చల్లారిపోతుండాది" అని ఆవిడ వంటింట్లో నుంచి మొత్తుకుంటూనే ఉంటుంది. "ఉండమ్మా, రావట్లేదు" అంటాడు. రావలసింది నీడ లేని ఫోటో.

కాబట్టి మన హోటళ్లవారికి నా వినతి ఏమిటంటే, ముందుగా తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టండి. లోపల ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, అతను లేవనే చెప్పాలి. సంగీతం పెట్టండి, పెద్దగా పెట్టండి. మన హోటళ్లలో రొయ్యల ధర, వడ్ల ధర, పక్క వీధిలో స్థలం ధర, ఎవరు ఏ పార్టీలోకి పోతున్నారన్నది పక్క టేబులు వాళ్లు కూడా కలగజేసుకుని తేల్చేస్తుంటారు. పాట హోరెత్తితే ఈ బెడద పోతుంది, మనిషి తన ఫోనును తాను చూసుకుంటాడు. నిన్నటి పులుసును 'ఇరవై నాలుగు గంటలు ఊరబెట్టినది' అని మెనూలో రాసి ధర మూడింతలు చేయండి, ఇందులో అబద్ధమేమీ లేదు. రసం బకెట్టు ఆయనకు మాత్రం శిక్షణ ఇవ్వడం కష్టం, ఆయన్ని వంటింటి వైపుకు బదిలీ చేయడమే మార్గం.

అన్నిటికంటే ముందు సంస్కరించాల్సింది బిల్లు కట్టే పద్ధతిని. నగరంలో ముగ్గురు స్నేహితులు తింటే, పన్నుతో కలిపి బిల్లు 1,000 రూపాయలైతే, ఒక్కొక్కరు 333 రూపాయల 33 పైసలు ఫోనులో పంపేసుకుంటారు, మిగిలిన ఒక్క పైసా గురించి కూడా ఒకడు ఆ రాత్రే గ్రూపులో గుర్తు చేస్తాడు. ఎవరికీ ఎవరూ రుణపడరు. ఇక్కడ కౌంటరు దగ్గర ఏం జరుగుతోంది? ఇద్దరు బావబామ్మర్దులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒకరి జేబుకు ఒకరు అడ్డంపడి, "బావా, నువ్వు డబ్బులు దీసినావంటే మళ్లా మా ఇంటికి రామాక" అని బహిరంగంగా బెదిరించుకుంటారు. వెనక పదిమంది ఆగిపోతారు. క్యాషియరు నోట్లు ఎవరి చేతిలో నుంచి తీసుకోవాలో తెలియక చేతులు కట్టుకుని కూర్చుంటాడు. చివరికి తేలేదేమిటంటే, మూల టేబుల్లో ఒంటరిగా టిఫిను తిన్న వాళ్ల ఊరి పెద్దాయన ఇద్దరినీ చూసి, పలకరించకుండానే ఇద్దరి బిల్లూ కట్టేసి, వక్కపొడి నోట్లో వేసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. ఆయన మీద ఏ సెక్షను కింద కేసు పెట్టాలో నాకు తెలిసిన న్యాయవాదులెవరూ చెప్పలేకపోతున్నారు.