ట్రమడాల్ ‘మామూలు నొప్పి బిళ్ల’ కాదు

కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: “ట్రమడాల్ మత్తుమందు కాదు, మామూలు పెయిన్ కిల్లర్. డాక్టర్ రాసిన మాత్రకు ఎవరూ బానిస కారు. మనోబలం ఉంటే ఒక్క రోజులో మానేయొచ్చు. ఆపాక ఒళ్లు నొప్పులొస్తే జబ్బు తగ్గలేదని అర్థం, మళ్లీ వేసుకోండి. మార్ఫిన్ మాత్రం ముట్టుకోకండి, అది చివరి దశ వాళ్లకే.” మోకాలి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లో, ఏళ్ల తరబడి నడుము నొప్పితో ఉన్నవాళ్లో ఇంట్లో ఉంటే ఈ మెసేజ్ నిజంగా హాని చేస్తుంది. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

“మత్తుమందు కాదు.” ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందే, అంటే నల్లమందు, మార్ఫిన్ లాగా పనిచేసే మందుల జాతి. కాలేయంలోకి వెళ్లాక దానిలో కొంత భాగం మరో రూపంలోకి మారుతుంది. మెదడులో మార్ఫిన్ ఎక్కడ అతుక్కుంటుందో ఈ రూపం కూడా అక్కడే అతుక్కుంటుంది, అదీ అసలు మందు కంటే ఎన్నో రెట్లు గట్టిగా. జర్మనీలో 1977లో, అమెరికాలో 1995లో ఇది మార్కెట్లోకి వచ్చినప్పుడు అలవాటయ్యే ప్రమాదం తక్కువన్న పేరుతోనే వచ్చింది. మెసేజ్‌లోని మాటకు మూలం ఆ పాత నమ్మకమే. అనుభవం వేరుగా తేలడంతో అమెరికా 2014లో దీన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వచ్చింది. మామూలు పారాసెటమాల్‌కు ఆ చట్టంతో పనేముంది?

“డాక్టర్ రాసిన మాత్రకు ఎవరూ బానిస కారు.” ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేశారు. మందు రోజూ అందుతుంటే శరీరం దానికి సర్దుకుంటుంది, అది లేకపోతే తల్లడిల్లుతుంది. దీన్ని శారీరక ఆధారపడటం అంటారు. చీటీలో రాసినట్టే, ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోకుండా వాడినవాళ్లకూ ఇది రావచ్చు. నష్టం జరుగుతోందని తెలిసినా మందు కోసం వెంపర్లాడటం వ్యసనం. అది వేరే స్థితి. అందరికీ రాదు, వచ్చినా చికిత్స ఉంది. శరీరం అలవాటు పడటానికి మనిషికి కోరిక ఉండక్కర్లేదు. తెలంగాణ వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లు దొరక్కపోయేసరికి ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. అందులో కలిపినవి డయజెపాం, ఆల్ప్రజోలం లాంటి వేరే జాతి మందులు, నిద్రమాత్రల తరహావి. తాగినవాళ్లలో చాలామందికి తాము మందు తీసుకుంటున్నామన్న సంగతే తెలియదు. చీటీ మీద సంతకం ఉన్నంత మాత్రాన మెదడు వేరేగా ప్రవర్తించదు.

“మనోబలం ఉంటే ఒక్క రోజులో మానేయొచ్చు.” నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ వాక్యమే. మా బంధువొకాయన నడుము నొప్పికి నెలల తరబడి ట్రమడాల్ వాడారు. పిల్లలు పోరు పెడుతున్నారని ఒకరోజు ఉన్న స్ట్రిప్పులన్నీ పారేశారు. మర్నాటి నుంచి నిద్ర లేదు, చెమటలు, కాళ్లు లాగడం, విరేచనాలు. ఇంట్లోవాళ్లు తిండి పడలేదనుకున్నారు. ఆయనేమో తన మనసే గట్టిది కాదని సిగ్గుపడి నోరు విప్పలేదు. ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం కూడా ఈ విత్‌డ్రాయల్‌లో, అంటే అలవాటైన మందు ఆగినప్పుడు శరీరం పడే బాధలో భాగమే. ట్రమడాల్‌తో ఇంకో చిక్కుంది. డిప్రెషన్ మందుల్లాగే ఇది సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద కూడా పనిచేస్తుంది. అందుకే హఠాత్తుగా ఆపితే కొందరికి తీవ్రమైన భయం, ఒంట్లో తిమ్మిర్లు, అయోమయం, లేనివి కనిపించడం కూడా జరుగుతాయి. కొన్ని వారాలకు మించి రోజూ వాడినవాళ్లు డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఎస్ఆర్ అని రాసి ఉన్న మాత్రను నలిపి, పొడి చేసి వేసుకోకూడదు. రోజంతా కొద్దికొద్దిగా విడుదల కావలసిన మందు ఒక్కసారే ఒంట్లోకి వచ్చేస్తుంది.

“నొప్పి తిరిగొస్తే మళ్లీ వేసుకోండి.” ఆపిన మొదటి రోజుల్లో ఒళ్లంతా పట్టే నొప్పులు విత్‌డ్రాయల్‌వే కావచ్చు. మాత్ర పడగానే అవి తగ్గుతాయి కాబట్టి పాత జబ్బే అనిపిస్తుంది. అలా ఇంకో స్ట్రిప్, ఆ తర్వాత మరొకటి. పైగా ఓపియాయిడ్లు దీర్ఘకాలం వాడిన కొందరిలో నొప్పి తెలిసే గుణమే పెరుగుతుంది. అప్పుడు మోతాదు పెంచేకొద్దీ బాధ కూడా పెరుగుతుంది.

దుష్ఫలితాల గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. వికారం, మలబద్ధకం, తల తిరగడం చాలామందికి వస్తాయి. పెద్దవాళ్లు రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడిపోతే తుంటి ఎముక విరగొచ్చు. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్లకు మామూలు మోతాదులోనూ రావచ్చు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే తేల్చి చెప్పింది. పెద్దలకు మిగిలిన స్ట్రిప్ పిల్లాడి పంటి నొప్పికి పనికొస్తుందనుకునే ఇళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక మార్ఫిన్. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగిపోతున్న మనిషికి “అలవాటైపోతుంది” అని మార్ఫిన్ ఆపడం క్రూరత్వం. సరైన మోతాదులో, పర్యవేక్షణతో ఇస్తే అది ప్రాణం తీయదు, తిననిస్తుంది, నిద్రపోనిస్తుంది. మరణానికి దగ్గరలో ఉన్నవాళ్లకే అన్న నియమమూ లేదు, నొప్పి ఎంతుందన్నదే లెక్క. మన దేశంలో నల్లమందు లైసెన్సులతో పండుతున్నా, 1985 ఎన్‌డీపీఎస్ చట్టం చిక్కులవల్ల రోగులకు మార్ఫిన్ అందడం దశాబ్దాల పాటు గగనమైంది. 2014 సవరణ దారి కాస్త సులువు చేసింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం, అంటే నొప్పి, బాధ తగ్గించే చికిత్స విభాగం ఉంది. నొప్పితో ఉన్నవాళ్లను అలాంటి చోటికి తీసుకెళ్లాలి.

ట్రమడాల్ రోజూ వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే స్ట్రిప్ లాక్కోకండి, తిట్టకండి. ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో, ఇంకేం మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి, మందు రాసిన డాక్టర్ దగ్గరికి మీరూ తోడు వెళ్లండి. మందు చేయి దాటిపోయిందనిపిస్తే కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఫిట్స్, స్పృహ తప్పడం, ఊపిరి బరువుగా మెల్లగా ఆడటం కనిపిస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.